మాస్టారి గొంతు, కంప్యూటర్ ఫాను

నాకు కోపం తొందరగా వస్తుంది. ఇప్పుడు కాస్త నయం గానీ, ఇరవై రెండేళ్ల వయసులో అయితే ముక్కు మీదే ఉండేది. బస్సులో సీటు దొరక్కపోయినా కోపమే, టీ గ్లాసు నిండా పోయకపోయినా కోపమే. మనుషుల మీద వచ్చిన కోపాలు సాయంత్రానికల్లా పోయేవి. ఒక యంత్రం మీద నెలల తరబడి పగ పట్టడం మాత్రం నా జీవితంలో ఒక్కసారే జరిగింది. అది ఎనభైల చివర్లో, నరసరావుపేటలో, నేను పనిచేసిన టైపు ఇన్‌స్టిట్యూట్‌లో.

మాది శావల్యాపురం. రోజూ పొద్దున్నే బస్సెక్కి పేటకు వచ్చేదాన్ని. టైపు హయ్యర్ పరీక్ష పాసయ్యానని, కొత్తగా చేరిన వాళ్లకు ఏ వేలు ఏ అక్షరం మీద పెట్టాలో చూపించడానికి ప్రిన్సిపాల్ గారు నన్ను పెట్టుకున్నారు. ఆ రోజుల్లో టైపు నేర్పే ప్రతి మేడ మీదా ఒక ప్రిన్సిపాల్ ఉండేవాడు. ఆ పదవికి కాలేజీ అక్కర్లేదు, పది మిషన్లు, ఒక బోర్డు ఉంటే చాలు. మా ప్రిన్సిపాల్ గారికి పద్నాలుగు మిషన్లు ఉండేవి కాబట్టి ఆ హోదా ఇంకాస్త గట్టిది. మనిషి మంచివారు. అడ్మిషన్లూ, రిబ్బన్లు మార్చడమూ, పరీక్ష దరఖాస్తులూ అన్నీ ఒక్కరే చూసుకునేవారు.

కింద అంతా షాపులు. పైన ముందు హాల్లో టైపు మిషన్లు, వెనక తలుపున్న గది ఒకటి. అది షార్ట్‌హ్యాండ్ క్లాసు గది. పాతకాలం గోడలు, తలుపు వేస్తే హాల్లోని టకటకలు చాలావరకు అక్కడే ఆగిపోయేవి. పదింటి నుంచి పదకొండున్నర దాకా ఆ గదిలో మాస్టారు డిక్టేషన్ చెప్పేవారు. నేను షార్ట్‌హ్యాండ్ హయ్యర్‌కు కట్టబోతున్నాను. అందుకని ఆ గంటన్నర టైపు వాళ్లను వాళ్ల మానాన వదిలేసి, రెండు పెన్సిళ్లు చెక్కుకుని మూడో బెంచీలో కూర్చునేదాన్ని. మొత్తం ఎనిమిది మందిమి.

మాస్టారిది మాచవరం వైపు. గురజాల కోర్టులో ముప్పై ఏళ్లు స్టెనోగా చేసి రిటైరయ్యారు. మా ప్రిన్సిపాల్ గారు కూడా కుర్రతనంలో ఆయన దగ్గరే షార్ట్‌హ్యాండ్ నేర్చుకున్నారు. మిగతా చోట్ల పాత పేపర్లు ముందేసుకుని డిక్టేషన్ చెబుతారు. మాస్టారికి కాగితమే అవసరం లేదు. చేతిలో స్టాప్‌వాచ్ పెట్టుకుని, కళ్లు సగం మూసుకుని, తనకు గుర్తున్న కేసులన్నీ నిమిషానికి ఇన్ని మాటలని కొలిచి చెప్పేవారు. గట్టు జరిపిన కేసు, బావి నీళ్ల వాటా కేసు, మిరపతోటలో మేకలు పడ్డ కేసు. సదరు మేకలు, సదరు మేకల యజమాని అని ఇంగ్లీషులోనూ తెలుగులోనూ రాసీ రాసీ, దారిలో మేక కనిపిస్తే నా వేళ్లు వాటంతటవే దాని గుర్తు గీసేవి.

నేను చేరడానికి ముందు ఏడు ఆయన గొంతులో గడ్డ లేచింది. గుంటూరులో ఆపరేషన్ చేశారు. మనిషి దక్కాడు, గొంతు సగమే దక్కింది. మిగిలిన ఆ సగం గొంతు పొడిగా, సన్నగా ఉండేది. అయితే మాట మాత్రం స్పష్టం. గదిలో చప్పుడు లేకపోతే చివరి బెంచీలో వాళ్లకు కూడా ఒక్క అక్షరం పోయేది కాదు.

ఒకసారి నోట్సు ఇవ్వడానికి ఆయన ఉండే ఇంటికి వెళ్లాను. భార్య పోయాక కూతురింట్లో ఉండేవారు. ఆ ఇంట్లో రేడియో, మిక్సీ, ముగ్గురు పిల్లలు, పక్కన కుట్టుమిషన్. మాస్టారు మంచినీళ్లు కావలసి ఖాళీ గ్లాసు పైకెత్తి చూపించారు. కూతురు పరుగెత్తుకొచ్చి నీళ్లిచ్చింది. ప్రేమగానే చూసుకుంటారు, అందులో లోటేమీ లేదు. కానీ ఆ ఇంట్లో ఆయన మాట్లాడడం మానేశారు. చెబితే ఎవరికీ వినిపించదు, వినిపించలేదని చెప్పడానికి వాళ్లకు మొహమాటం. కోర్టులో ముప్పై ఏళ్లు మాటల మధ్యనే బతికిన మనిషికి తన మాట చెల్లే చోటు ఒక్కటే మిగిలింది. అది మా వెనక గది.

ఆ గదిలోకే కంప్యూటర్ వచ్చింది.

చలికాలం మొదట్లో గుంటూరు నుంచి ఇద్దరు తెచ్చి బిగించారు. దుమ్ము పడకూడదు, తలుపు ఉండాలి, తాళం ఉండాలి అన్నారు. ఆ మూడూ ఉన్న గది అదొక్కటే. ప్రిన్సిపాల్ గారు దానికి పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఇక మీద చెప్పులు బయటే విడవాలని హుకుం జారీ చేశారు. అప్పటిదాకా అదే గదిలో అదే చెప్పులతో తిరిగిన వాళ్లం, ఒక ఇనప డబ్బా వచ్చేసరికి మైలపడ్డాం. తెర మీద వెలుతురు పడకూడదని దాని ముఖం గోడవైపు తిప్పి, వీపు మా బెంచీలవైపు పెట్టారు. ఆ వీపులో జల్లెడ లాంటి రంధ్రాలు, వాటి వెనక గిర్రున తిరిగే చిన్న ఫాను. దానికి కరెంటు అందించే లోపలి పెట్టె వేడెక్కిపోకుండా ఆ ఫాను వేడిగాలిని బయటికి నెడుతుందట. నెట్టనీ, కాదనను. కానీ అంత చిన్న ఫానుకు అంత గొంతెందుకో నాకు అర్థం కాలేదు. పక్కింట్లో పిండిమర ఆడుతున్నట్టు పొద్దున తొమ్మిది నుంచి ఒకటే మోత.

బిగించినవాళ్లు పోతూ పోతూ, మాటిమాటికీ ఆపి వేస్తే మిషన్ పాడవుతుందని చెప్పి పోయారు. ఆ మాట ప్రిన్సిపాల్ గారికి వేదవాక్కు అయింది. కంప్యూటర్ నేర్చుకునే ఇద్దరు ముగ్గురు గోడకూ దానికీ మధ్య కూర్చుని మీటలు నొక్కుతూ ఉండేవారు, ఇటువైపు మా డిక్టేషన్. టైపు మిషన్ల చప్పుడు వస్తుంది, ఆగుతుంది. ఆ సందులో మాట దూరుతుంది. ఈ ఫానుకు సందనేదే లేదు. సరిగ్గా మాస్టారి గొంతు ఉన్న ఎత్తులోనే అది మోగేది. మొదటి బెంచీవాళ్లకు మాటలు అందేవి, రెండో బెంచీకి సగం, మా బెంచీకి ఆయన పెదాలు కదలడం మాత్రమే కనిపించేది.

నా పుస్తకంలో గీతల మధ్య ఖాళీలు మొదలయ్యాయి. మాస్టారు కాగితాలు దిద్దుతూ, ఒక్కో ఖాళీ మీదా పెన్సిల్ పెట్టి కాసేపు చూసేవారు. మొదట్లో మా బద్ధకం అనుకున్నారు. తర్వాత ఎనిమిది మందివీ వరసగా చూస్తే, వెనక్కి పోయేకొద్దీ ఖాళీలు పెరుగుతున్నాయని ఆయనకు అర్థమైంది. మర్నాడు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. ఆ మర్నాడు లేచి నిలబడి చెప్పారు. ఇంకో వారానికి బెంచీల మధ్యలోకి వచ్చి, మెడనరాలు పైకి తేలేట్టు గొంతు పెంచి చెప్పి, సగంలో దగ్గు తెరలొచ్చి గోడ పట్టుకున్నారు. కరెంటు పోయినప్పుడు మాత్రం మాకు పండగ. పైన తిరిగే పంకా కూడా ఆగి చెమటలు కారుతున్నా, మాస్టారు హాయిగా కుర్చీలో వెనక్కి వాలి మేకల కేసు మొదటి నుంచి చివరి దాకా చెప్పేవారు.

నేను ప్రిన్సిపాల్ గారి దగ్గరికి పోయి దెబ్బలాడాను. "ఆ డబ్బా అయినా ఉండాలి, మేమైనా ఉండాలి" అన్నాను.

"మిషనన్నాక మోత ఉండదా అమ్మా?" అన్నారాయన, చేతిలో దరఖాస్తు ఫారాలు సర్దుకుంటూ. "ఆపితే చెడిపోద్దంట. పోనీ, మోత తగ్గించే ఉపాయం ఉంటే చూడు, నేనొద్దన్ను."

ఆ ఒక్క మాట పట్టుకుని మెట్లు దిగాను. మెట్ల కింద రేడియోలు, టేపు రికార్డర్లు, టీవీలు బాగుచేసే షాపు ఉండేది. మెకానిక్‌ను అందరూ భాయ్ అనేవారు, నేను అన్నా అనేదాన్ని. నలభై ఏళ్లుంటాయి. విప్పిన రేడియోల మధ్య కూర్చుని, ఏది చెప్పినా ముందు విని తర్వాత మాట్లాడే అలవాటు. ఆ అలవాటు ఉన్నవాళ్లను చూస్తే నాకు గౌరవం, నాకు లేదు కాబట్టి.

పైకి వచ్చి కంప్యూటర్ వెనక గొంతుక్కూర్చున్నాడు. జల్లెడ దగ్గర అరచెయ్యి పెట్టాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు.

"గాలి చల్లగానే వస్తాంది చెల్లెమ్మా" అన్నాడు. "లోపల అంత వేడేం లేదు. ఐనా ఫాను పూర్తి స్పీడులో తిరుగుతాంది. ఈ చలికాలంలో దీనికింత పరుగు అక్కర్లా."

"అయితే స్పీడు తగ్గించెయ్యన్నా."

"తగ్గించి వదిలేస్తే ఎండాకాలం చచ్చిపోద్ది. వేడిని బట్టి అదే తగ్గాల, అదే పెరగాల. అట్టాంటిది ఒకటుంది నా దగ్గర."

మర్నాడు చూపించాడు. కూల్‌డ్రింకు మూతకంటే చిన్నది, చొక్కా గుండీ అంత ఉంది. రెండు తీగల కాళ్లు. థర్మిస్టర్ అంటారని చెప్పాడు. పాతకాలం ట్రాన్సిస్టర్ రేడియోల్లో, ఎండకు పాట బొంగురుపోకుండా ఇది పెట్టేవాళ్లట. చల్లగా ఉంటే కరెంటుకు అడ్డం పడుతుంది, వేడెక్కేకొద్దీ దారి ఇస్తుంది. పాడైన రేడియోలోంచి తీసి దాచుకున్నాడు. దీన్ని ఇంకో ట్రాన్సిస్టర్‌తో కలిపి ఫానుకు పోయే తీగ మధ్యలో పెడితే, వచ్చే గాలి వేడిని బట్టి ఫాను నడుస్తుంది.

ప్రిన్సిపాల్ గారి ముందు, ఒక ఆదివారం పొద్దున పెట్టె విప్పాడు. లోపల పెద్ద కరెంటు ఉంటుంది, గుండీని అక్కడ పెడితే ప్రమాదమని, తీగ బయటికి లాగి జల్లెడ మీదే, వేడిగాలి తగిలే చోట టేపుతో అంటించాడు. మీట నొక్కితే ఫాను అసలు కదల్లేదు. చల్లగా ఉంది కదా, గుండీ పూర్తిగా అడ్డం పడింది. ప్రిన్సిపాల్ గారి ముఖం పాలిపోయింది. భాయ్ నవ్వి, మళ్లీ విప్పి, ఫాను ఎప్పుడూ పూర్తిగా ఆగకుండా ఇంకో చిన్న ముక్క కలిపాడు. ఈసారి మెల్లగా, ఇంట్లో ఎవరో విసనకర్ర ఊపుతున్నంత చప్పుడుతో తిరిగింది.

సోమవారం మాస్టారు గదిలోకి వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయారు. కంప్యూటర్ ఆపేశారనుకున్నారు. గోడవైపు వెళ్లి తెర మీద పచ్చటి అక్షరాలు చూసి నావైపు చూశారు. నేను గొప్పగా, పనంతా నేనే చేసినట్టు, గుండీ కథ చెప్పాను. ఆయన వంగి దాన్ని కళ్లజోడు పైకెత్తి చూశారు. తర్వాత కుర్చీలో కూర్చుని, స్టాప్‌వాచ్ నొక్కి, కొత్త కేసు మొదలుపెట్టారు. ఆ రోజు నా పుస్తకంలో ఒక్క ఖాళీ లేదు. పదకొండున్నరకు ఆయన గొడుగు తీసుకుని కిందికి దిగి, భాయ్ షాపు ముందు నిలబడి, అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నారు. మెట్ల మీద నుంచి నేను చూశాను. ఆ శీతాకాలమంతా మాకు సుఖంగా గడిచింది.

పల్నాటి ఎండ సంగతి చెప్పక్కర్లేదు. ఫాల్గుణం దాటకముందే మొదలవుతుంది. మా మేడ మీద కప్పు పదింటికే కాలిపోయేది. గదిలోకి అడుగుపెడితే పొయ్యి ముందు నిలబడ్డట్టుండేది. గుండీ తన పని తాను చేసింది. గాలి వేడిగా ఉంది కాబట్టి ఫానుకు దారి ఇచ్చింది. ఏప్రిల్ వచ్చేసరికి, మీట నొక్కిన పావుగంటకే పిండిమర మళ్లీ మొదలు.

భాయ్‌ను పిలుచుకొచ్చి చూపించాను.

"దాన్నేమనగాకు చెల్లెమ్మా" అన్నాడు. "అది అబద్ధం చెప్పదు. వేడిగా ఉందంటే వేడిగానే ఉంది. ఈ ఎండల్లో ఫాను తగ్గితే మిషన్ తట్టుకోలేదు. ఎండలు పోయిందాకా ఓర్చుకోవాల."

ఓర్చుకుందామంటే పరీక్షలు నెల్లోకి వచ్చాయి. మాస్టారు మళ్లీ లేచి నిలబడ్డారు, మళ్లీ దగ్గారు. ఒకరోజు దగ్గితే చేతిరుమాలు మీద ఎర్రగా పడింది. ఆయన మడిచి జేబులో పెట్టుకున్నారు గానీ ప్రిన్సిపాల్ గారు గుమ్మంలోంచి చూశారు. ఆ సాయంత్రమే ఒక నిర్ణయానికి వచ్చేశారు. మర్నాడు క్లాసులోకి వచ్చి, మోత మీదుగా గట్టిగా చెప్పారు.

"ఇయాల్టి నుంచి రెండు వారాలే. ఆ తర్వాత మా మాస్టారికి ఈ బాధ లేదు. గుంటూరు నుంచి డిక్టేషన్ క్యాసెట్లు తెప్పిస్తన్నా. టేపు రికార్డర్ సౌండు పెంచుకుంటే గదంతా వినపడుద్ది. మాస్టారూ, మీరు నోరు తెరిచే పని లేదు. హాయిగా కూర్చుని పేపర్లు దిద్దండి చాలు."

ఆయన అన్నది ప్రేమతోనే. గురువు గొంతుకు విశ్రాంతి ఇస్తున్నానని నిజంగా సంతోషపడుతున్నారు. మాస్టారు తల ఊపారు. స్టాప్‌వాచ్‌ను అరచేతిలో పెట్టుకుని బొటనవేలితో దాని అద్దం తుడుస్తూ కూర్చున్నారు. ఆ రోజు డిక్టేషన్ జరగలేదు. కూతురింట్లో ఖాళీ గ్లాసు పైకెత్తినప్పుడు ఉన్న ముఖమే అది. నాకు దుఃఖం వచ్చింది. నాకు దుఃఖం వచ్చినా కోపం లాగే బయటికి వస్తుంది కాబట్టి, ఎదురుగా ఉన్న ఆ గుండీని పీకి పారేద్దామన్నంత కోపం వచ్చింది.

పీకలేదు. అంతకంటే పెద్ద తెలివితక్కువ పని చేశాను.

మా ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా మా అమ్మ చేసే మొదటి పని నుదుటి మీద తడిగుడ్డ వెయ్యడం. ఒళ్లు కాలుతుంటే తడిగుడ్డ, అది ఆరితే మళ్లీ తడిపి ఇంకోసారి. జ్వరం దిగిపోతుంది. మర్నాడు పదింటికి, మాస్టారు రాకముందు, కూజాలో నీళ్లతో నా చేతిరుమాలు తడిపి, గట్టిగా పిండి, చిన్న పట్టీలా మడిచి ఆ గుండీ మీద చుట్టాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. మోత తగ్గింది. తగ్గి తగ్గి చలికాలం నాటి విసనకర్ర చప్పుడైంది.

నిజం చెప్పాలంటే, నేను మిషన్‌ను మోసం చేస్తున్నాననుకోలేదు. దాన్ని చల్లబరుస్తున్నాననే అనుకున్నాను. కనీసం సగం అలాగే అనుకున్నాను. నుదురు చల్లబడితే ఒళ్లు చల్లబడదా? మిగతా సగం నాకు భాయ్ మాట గుర్తుంది గానీ, దాన్ని గుర్తు లేనట్టు పక్కకు నెట్టేశాను. రోజుకు గంటన్నరే కదా, డిక్టేషన్ అయిపోగానే తీసేస్తాను కదా అని సర్దిచెప్పుకున్నాను.

మాస్టారు వచ్చి కూర్చున్నారు. గది నిశ్శబ్దంగా ఉంది. ఆయన గదంతా ఒకసారి కలయజూసి, స్టాప్‌వాచ్ నొక్కారు. రెండు వారాలే మిగిలిందని ఆయనకు తెలుసు, మాకూ తెలుసు. ఆ రోజుల్లో ఆయన చెప్పిన డిక్టేషన్ల లాంటివి అంతకు ముందెప్పుడూ చెప్పలేదు. కోర్టులో తను చూసిన మనుషులందరినీ తెచ్చి మా ముందు నిలబెట్టారు. వాయిదాకు వచ్చి గెలిచిన కేసు వదులుకుని పోయిన ముసలమ్మ, సాక్ష్యం చెప్పడానికి వచ్చి తన తప్పే ఒప్పేసుకున్న కాపరి. నిమిషానికి నూటిరవై మాటలు. పెన్సిళ్ల గీకుడు, ఆయన గొంతు తప్ప ఏ చప్పుడూ లేదు. నేను బెంచీ చివర కూర్చుని, గుడ్డ ఆరినట్టు అనిపిస్తే లేచి, నీళ్లు తాగడానికన్నట్టు కూజా దగ్గరికి పోయి, మళ్లీ తడిపి చుట్టేదాన్ని. ఎనిమిది రోజులు అలా నడిచింది.

తొమ్మిదో రోజు ఆ ఏటి ఎండల్లోనే పెద్ద ఎండ. కాపరి కేసు పూర్తి కాలేదని మాస్టారు పదకొండున్నర దాటినా ఆపలేదు. నేనూ మధ్యలో ఇంకోసారి గుడ్డ తడిపి చుట్టి, రాతలో పడి తియ్యడమే మరిచిపోయాను. పన్నెండు కావస్తుండగా ప్లాస్టిక్ మాడుతున్న వాసన వచ్చింది. ఎవరో పెన్సిల్ ఆపి చుట్టూ చూశారు. వెంటనే కంప్యూటర్ లోపల టప్ మని పేలింది. జల్లెడలోంచి తెల్లటి పొగ వచ్చింది. తెర నల్లబడింది.

ప్రిన్సిపాల్ గారు హాల్లోంచి పరుగెత్తుకొచ్చి ప్లగ్గు లాగేశారు. ఎవరో కిందికి పోయి భాయ్‌ను పిలుచుకొచ్చారు. అతను వచ్చి వెనకవైపు గొంతుక్కూర్చున్నాడు. గుండీ మీద నా రుమాలు ఇంకా ఉంది. నీలం అంచు, మూలన నేను కుట్టిన పువ్వు. వేలితో తడిమి చూశాడు, తడిగానే ఉంది. తలెత్తి ఒక్క క్షణం నావైపు చూశాడు. తర్వాత గుండీ, తీగ, రుమాలు అన్నీ కలిపి పీకి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"నా పనే సారూ" అన్నాడు లేచి. "కొలత తప్పింది."

ప్రిన్సిపాల్ గారు ఎప్పుడూ అరవని మనిషి, ఆ రోజు అరిచారు. రేడియోలు చేసుకునేవాడు రేడియోలు చేసుకోవాలిగానీ పెద్ద మిషన్లో వేలు పెట్టడమేందని అరిచారు. నమ్మి పెట్టె విప్పనిచ్చినందుకు తనను తను చెప్పుతో కొట్టుకోవాలన్నారు. మెట్ల మీద కింది షాపులవాళ్లు ఒక్కొక్కరే చేరారు. భాయ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. రేపటి నుంచి పేటలో ఎవరైనా అతని దగ్గరికి టీవీ తెస్తారా అన్న ఆలోచన నాకు వచ్చింది. ప్రతిదానికీ లేచే నా నోరు అప్పుడు లేవలేదు. దానికి నేను ఇప్పటికీ సిగ్గుపడతాను.

మాస్టారు కుర్చీలోంచి లేచారు.

"ఆయన తప్పేం లేదు" అన్నారు. "దానిమీద తడిగుడ్డ కట్టారు. ఎనిమిది రోజుల నుంచి కడతానే ఉన్నారు. నాకు తెలుసు. నా కుర్చీలోంచి కనపడుద్ది. అట్టా చేస్తే మిషన్ చెడుద్దని కూడా అనుమానపడ్డా. వద్దని చెప్పాల్సింది నేను. చెప్పలా. ఉన్న నాలుగు రోజులు నా మాట పిల్లలకు వినపడుద్ది గదా అని ఊరుకున్నా. తప్పు నాది."

కట్టింది ఎవరో ఆయన చెప్పలేదు. ఆయన చెప్పనందుకే నాకు నోరొచ్చింది. "కట్టింది నేనండీ. అన్న జేబులో ఉన్న రుమాలు నాదే" అన్నాను. భాయ్ తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు, ఎందుకు చెప్పావన్నట్టు.

తర్వాత జరిగినవి మామూలు సంగతులు. మిషన్ గుంటూరు పోయింది, లోపలి పెట్టె మార్చుకుని నెల దాటాక వచ్చింది. ఈసారి దాన్ని ముందు హాల్లో పరదా కట్టి పెట్టారు. ప్రిన్సిపాల్ గారు మర్నాడే కిందికి దిగి, షాపుల వాళ్లందరి ముందూ భాయ్ దగ్గర తప్పు ఒప్పుకుని, ఇంట్లో టేపు రికార్డర్ బాగుచెయ్యమని ఇచ్చి వచ్చారు. క్యాసెట్లు రాలేదు. పరీక్షల దాకా మాస్టారే చెప్పారు, మేం ఎనిమిది మందిమీ ఆ గొంతుతోనే పరీక్షకు వెళ్లాం. నన్ను పనిలోంచి తీసెయ్యలేదు, ఎందుకో నేనూ అడగలేదు. ఇవన్నీ నాకు వరసగా గుర్తు లేవు. ఆ మధ్యాహ్నం మాత్రం, నేను ఒప్పుకున్న తర్వాత ఆ గదిలో జరిగింది, మాటతో సహా గుర్తుంది.

ప్రిన్సిపాల్ గారు కోపమంతా దిగిపోయి మొదటి బెంచీ మీద కూలబడ్డారు. ఆయన కూర్చున్నది విద్యార్థులు కూర్చునే చోట, మాస్టారికి ఎదురుగా. తలెత్తి మాస్టారిని చూశారు.

"ఈ పిల్లంటే ప్రతిదానికీ అరుస్తది, దీని మాట నేను పట్టించుకోలా. మీరు నాకొక్క మాట చెప్పొచ్చు గదా మాస్టారూ. ఇంత ఇబ్బందిగా ఉందని మీ నోటితో ఒక్కసారంటే, ఆ డబ్బాను మోసుకుపోయి మా ఇంట్లో పెట్టుకునేవాణ్ణి గదా."

మాస్టారు మాట్లాడడానికి ముందు ఎప్పుడూ చేసినట్టు ఒకసారి గుటక వేశారు.

"చెప్పానయ్యా" అన్నారు. "ఈ గదిలోనే, ఆ మిషన్ పక్కన నిలబడి మూడుసార్లు చెప్పా. మూడుసార్లూ నువ్వు తలూపి, అట్నే మాస్టారూ, అట్నే అని వెళ్లిపోయావు."

ప్రిన్సిపాల్ గారు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడవబోయి, తుడవకుండా చేతిలోనే పట్టుకున్నారు. "నాకు వినపళ్లా మాస్టారూ" అన్నారు. ఆయన గొంతు ఎంత చిన్నదైపోయిందంటే, మూడో బెంచీలో నాకు ఆ మాట సగమే అందింది.